పాత కారు టైరు ఒక పక్కే అరిగిపోతోందా? అలైన్‌మెంట్ షాపుకి వెళ్ళే ముందు ఇవి చూడండి

నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఏడేళ్ళ హ్యాచ్‌బ్యాక్‌కి ముందు ఎడమ టైరు బయటి నుంచి చూస్తే దిట్టంగా కనబడేది. ఒకరోజు పంక్చర్ అనుమానంతో టైరు వెనక చెయ్యి పెట్టి తడిమితే వేలికి సన్నటి తీగ గుచ్చుకుంది. లోపలి అంచున రబ్బరు మొత్తం పోయి ఇనప తీగలు బయటపడ్డాయి. ఆ టైరు మీదే ముందు వారం హైదరాబాద్ నుంచి విజయవాడకి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళి వచ్చాను.

అప్పటికి రెండు నెలల్లో మూడుసార్లు, చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయించి ఉన్నాను. ప్రతిసారీ కంప్యూటర్ కాగితం మీద అంకెలన్నీ పచ్చగానే వచ్చాయి. ప్రతిసారీ పది రోజులు తిరగకుండానే స్టీరింగ్ మళ్ళీ వంకర. చివరికి ఒక మెకానిక్ బండి కిందకి దూరి, ఎడమ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి ఫ్రేముకి కలిపే కింది చెయ్యి) వెనక బుష్ (ఆ కీలులోని రబ్బరు దిమ్మ) దగ్గర ప్రై బార్ (ఎత్తి చూడటానికి వాడే ఇనప కడ్డీ) పెట్టి ఒక్కసారి ఎత్తి చూపించాడు. చీలిపోయిన రబ్బరు నోరు తెరిచినట్టు తెరుచుకుంది. "అన్నా, ఇది మార్చకుండా ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేసినా డబ్బులు దండగే" అన్నాడు. బండి మెషీన్ మీద కదలకుండా నిలబడినప్పుడు చక్రం ఉండాల్సిన చోటే ఉంటుంది. రోడ్డెక్కి బ్రేక్ తొక్కగానే బుష్ వదులు వల్ల వెనక్కి జరుగుతుంది. కదలని బండిని కొలిచే మెషీన్‌కి ఆ కదలిక ఎలా తెలుస్తుంది?

అందుకే వరస ముఖ్యం అంటాను. ముందు గాలి, తర్వాత టైరు, ఆ తర్వాత రోడ్డు మీద బండి తీరు, ఆపైన కింద ఉన్న కీళ్ళు. ఇవన్నీ అయ్యాకే అలైన్‌మెంట్. మనవాళ్ళు ఎక్కువగా దీన్ని తలకిందులు చేస్తారు. టైరు అరిగిందనగానే అలైన్‌మెంట్ షాపు గుర్తొస్తుంది.

కావాల్సిన సామాను పెద్దగా లేదు. గాలి గేజీ, ట్రెడ్ (టైరు మీద రోడ్డుని తాకే గాడుల రబ్బరు) లోతు కొలిచే చిన్న గేజీ, టార్చి, సుద్దముక్క, కొలత టేపు, జాకీ, వీల్ స్పానర్, చక్రాలకి అడ్డం పెట్టడానికి రెండు ఇటుకలు, రాసుకోవడానికి ఒక కాగితం. సాయానికి ఒక మనిషి ఉంటే మంచిది.

మొదటి పని: గాలి

పొద్దున్నే, బండి తీయకముందే చూడండి. నడిచిన టైరులో గాలి వేడెక్కి నాలుగైదు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలన్నది డ్రైవర్ తలుపు తీస్తే కనబడే స్టిక్కర్ మీద ఉంటుంది. ముందు చక్రాలకి ఒక అంకె, వెనక వాటికి ఇంకో అంకె, నిండా మనుషులెక్కితే వేరే అంకె ఇచ్చే కార్లూ ఉన్నాయి. టైరు పక్కన ముద్రించిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, అంత కొట్టించకూడదు. నాలుగింటినీ సరిచేసి రెండు రోజులు నడపండి. బండి ఒక పక్కకి లాగడం చాలాసార్లు ఇక్కడే తీరిపోతుంది.

రెండో పని: టైర్ల పుట్టుపూర్వోత్తరాలు

టైరు పక్కన డీఓటీ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఈ అంకెలు ఒక పక్కనే ఉండొచ్చు. బయట కనబడకపోతే లోపలి వైపు టార్చి వేసి చూడండి. నాలుగు టైర్లవీ, స్టెప్నీదీ రాసుకోండి. సైజు కూడా, అంటే 165/80 ఆర్14 లాంటిది, స్టిక్కర్ మీదున్న దానితో పోల్చండి.

ఈ అంకెలు అమ్మేవాడు చెప్పని సంగతులు కూడా చెబుతాయి. మీటరు 25,000 కిలోమీటర్లే చూపిస్తూ టైర్లు మాత్రం బండి పుట్టిన రెండు మూడేళ్ళకి తయారైనవైతే, అంత తక్కువ తిరిగిన బండికి టైర్లు ఎందుకు మార్చాల్సి వచ్చిందని అడగండి. ఒక్క చక్రానికే కొత్త టైరుంటే ఆ మూల ఏదైనా దెబ్బ తగిలిందేమో చూడాలి. నాలుగూ నిన్నగాక మొన్న వేసినవైతే సంతోషించకండి, పాత అరుగుదల గుర్తులు చెత్తలోకి పోయాయన్నమాట. పైన పటారం లోన లొటారం అన్న మాట ఇలాంటి బండికి సరిగ్గా సరిపోతుంది. అలాంటప్పుడు డిక్కీలో స్టెప్నీ చూడండి. దాన్ని మార్చడం చాలామంది మరిచిపోతారు. ఎప్పుడో ముందు చక్రంగా తిరిగి అరిగిన టైరు అక్కడ పడుకుని ఉంటే, పోయిందనుకున్న సాక్ష్యం దొరికినట్టే.

మూడో పని: ట్రెడ్‌ని చదవడం

తొందర పడకూడని చోటు ఇది. ఒక్కో టైరుకి బయటి అంచు, మధ్య, లోపలి అంచు దగ్గర లోతు కొలిచి రాయండి. నాలుగు టైర్లకీ కలిపి పన్నెండు అంకెలు. కొత్త కారు టైరుకి ఏడెనిమిది మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న అడ్డగట్లు కనిపిస్తాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్ వాటితో సమానమైతే ఆ టైరు పని అయిపోయింది. నా బండి ముందు ఎడమ టైరు కాగితం మీద ఇలా వచ్చింది: బయట 5, మధ్య 4.5, లోపల 0. కుడిది: 4.9, 4.7, 3.8. ఎడమ మూలలోనే రోగం ఉందని ఆ అంకెలే చెప్పాయి. నేనే ఆలస్యంగా కొలిచాను.

రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే చాలాకాలం గాలి తక్కువతో తిరిగింది. మధ్య అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ. ఈ రెండూ తేలిక. ఒక్క అంచే అరిగినప్పుడు మాత్రం అరచెయ్యి వాడాలి.

అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి మెల్లగా రాయండి. ఇనప తీగలు తేలిన టైరైతే చేతికి తొడుగు వేసుకోండి. ఒక దిశలో నున్నగా జారి, ఇంకో దిశలో రంపం పళ్ళలా గీరుకుంటే అది టో దోషం, అంటే చక్రాల ముక్కులు (ముందు అంచులు) లోపలికో బయటికో తిరిగి ఉండటం. బయటి నుంచి లోపలికి నున్నగా ఉండి, తిరిగొచ్చేటప్పుడు గీరుకుంటే ముక్కులు అతిగా లోపలికి ఉన్నాయి. దానికి ఎదురైతే బయటికి ఉన్నాయి. ముక్కులు లోపలికుంటే బయటి అంచు, బయటికుంటే లోపలి అంచు ఎక్కువ అరుగుతుంది.

మూడు మిల్లీమీటర్ల టో తేడాకి టైరు పోతుందా అని అడిగేవాళ్ళకి ఒక లెక్క చెబుతాను. 14 అంగుళాల రిమ్ అంచుల దగ్గర ముందుకీ వెనక్కీ మొత్తం తేడా 3 మిల్లీమీటర్లు అనుకోండి. ఒక్కో చక్రానికి ఒకటిన్నర. ఆ రిమ్ అడ్డుకొలత బయటి అంచులతో కలిపి సుమారు 380 మిల్లీమీటర్లు. అంటే కిలోమీటరు నడిస్తే ఒక్కో టైరూ దాదాపు 4 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతున్నట్టు లెక్క. పదివేల కిలోమీటర్లకి 40 కిలోమీటర్లు. తారు రోడ్డు మీద రబ్బరుని అంత దూరం అడ్డంగా రుద్దితే ఏం మిగులుతుంది?

అంచు అరిగింది గానీ రంపం పళ్ళు లేవు, ఏటవాలుగా నున్నగా ఉంది అంటే క్యాంబర్‌ని అనుమానించాలి, అంటే చక్రం నిలువుగా కాకుండా వాలి ఉండటం. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు క్యాంబర్ సర్దుబాటు ఉండదు, టో ఒక్కటే తిప్పడానికి వీలుంటుంది. అలాంటి బండికి క్యాంబర్ తేడా వచ్చిందంటే ఏదో ఒకటి వంగింది: స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన కంబం), నకిల్ (చక్రం బిగించే దిమ్మ), లోయర్ ఆర్మ్, లేదా వాటిని మోసే ఫ్రేమ్ జరిగింది. కొనబోయే బండిలో ఇది కనబడితే ఆగి ఆలోచించండి.

ట్రెడ్ చుట్టూ గుంతలు గుంతలుగా, చెంచాతో తోడినట్టు అరిగితే షాక్ అబ్జార్బర్లు బలహీనపడ్డాయని, లేదా బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండటం) లేదని, లేదా ఏదో కీలు వదులైందని. చక్రం రోడ్డుని అంటిపెట్టుకోకుండా ఎగిరెగిరి పడుతోందన్నమాట. ఒక్కచోటే చదునుగా అరిగితే ఎప్పుడో బ్రేక్ పట్టేసి ఈడ్చుకుపోయిన మచ్చ. పక్క గోడకి బుడిపె ఉంటే మాత్రం ఇక పరీక్షలు వద్దు, ఆ టైరు ఇవాళే తీసేయాలి. లోపల దారాలు తెగాయి, ఎప్పుడు పేలుతుందో చెప్పలేం.

నాలుగో పని: రోడ్డు మీద వినడం

గుంతలు లేని, వాహనాలు తక్కువ ఉన్న నేరుగా ఉండే రోడ్డు చూసుకోండి. కారు ఎడమకి కొద్దిగా జారితే వెంటనే కంగారు పడకండి. నీళ్ళు పోవడానికి రోడ్డుని అంచు వైపు వాలుగా వేస్తారు. వీలైతే వాలు లేని సమతలమైన చోట కూడా ఒకసారి నడిపి చూడండి. అక్కడ కూడా అదే పక్కకి లాగితేనే దోషం.

స్టీరింగ్ ఏ స్పీడులో వణుకుతోందో గమనించండి. ఎనభైకి కాస్త అటూ ఇటూ మొదలై, ఇంకా పెంచితే కొంత తగ్గితే బ్యాలెన్సింగ్. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు, నేల వణికితే వెనకవి. ముప్పై దగ్గరే బండి అడుగులు తడబడినట్టు ఊగితే రిమ్ వంగింది, లేదా టైరు లోపలి పొర విడిపోయింది. బ్రేక్ తొక్కినప్పుడే వణికితే డిస్క్. యాక్సిలరేటర్ తొక్కితే వణికి, వదిలితే ఆగిపోతే ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్.

బండి ఒక పక్కకి లాగకుండా రోడ్డంతా తనదన్నట్టు అటూ ఇటూ పోతుంటే, నిమిషానికి పదిసార్లు స్టీరింగ్ సరిదిద్దాల్సి వస్తుంటే, వదులైన టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీల చివరి కీళ్ళు), అరిగిన స్టీరింగ్ ర్యాక్ (ఆ కడ్డీల్ని అటూ ఇటూ నెట్టే పళ్ళ కడ్డీ), చీలిన బుష్‌లు అనుమానితులు. నా బండి గతి ఇదే. సూర్యాపేట దాటాక లారీ పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా అడుగు దూరం పక్కకి నెట్టినట్టయ్యేది. గాలి అనుకున్నాను.

గుయ్‌మనే మోత వస్తుంటే అది బేరింగా, టైరా అన్నది తేల్చుకోవాలి. కొత్త తారు మీదా, సిమెంటు రోడ్డు మీదా శబ్దం మారితే టైరుది. రోడ్డు మారినా మారకుండా, మలుపు తిరిగినప్పుడు పెరిగి తగ్గితే బేరింగ్‌ది. సాధారణంగా ఎడమకి తిరిగినప్పుడు పెరిగితే కుడి బేరింగ్, ఎందుకంటే అప్పుడు బరువు కుడివైపు పడుతుంది.

తిరిగొచ్చాక చక్రాల దగ్గర చెయ్యి ఆనించకుండా, దూరం నుంచే వేడి చూడండి. మిగతావాటికంటే ఒకటి మండుతుంటే బ్రేక్ పట్టుకుని ఉంది. బండి లాగడానికీ అదే కారణం కావొచ్చు.

ఒక చిన్న పరీక్ష చాలా ఖర్చు తప్పిస్తుంది. ముందు రెండు టైర్లనీ ఎడమా కుడీ మార్చి నడపండి. లాగే దిక్కు మారితే దోషం టైరుది. మారకపోతే బండిది. టైరు మీద తిరిగే దిశకి బాణం గుర్తుంటే మాత్రం ఇలా అడ్డంగా మార్చకండి, అదే పక్క ముందుదీ వెనకదీ మార్చి చూడండి.

ఇంకొకటి. సిమెంటు రోడ్డు మీద నీళ్ళు పోసి, ఆ తడిలోంచి బండిని మెల్లగా నేరుగా నడిపి దిగి చూడండి. వెనక చక్రాల జాడలు ముందువాటికి రెండు వైపులా ఒకే తీరులో పడాలి. ఒక పక్క లోపలికీ, ఇంకో పక్క బయటికీ పడితే బండి ఎండ్రకాయలా పక్కకి నడుస్తోంది. వెనక ఇరుసు వంగిందనో, జరిగిందనో అర్థం. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో వెనక సర్దుబాటు ఉండదు కనుక అలైన్‌మెంట్ షాపు దీన్ని సరిచేయలేదు. నేరుగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉండటానికి ఇదీ ఒక కారణం.

ఐదో పని: ఎత్తి ఊపడం

సమతలంగా గట్టి నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో ఉంచి, వెనక చక్రాలకి ఇటుకలు పెట్టండి. జాకీ మీదున్న బండి కిందకి తల పెట్టవద్దు. ఎవరు ఎంత ధైర్యం చెప్పినా సరే. స్టెప్నీని బండి పక్క అంచు కిందకి తోసి ఉంచండి, జాకీ జారితే అది కాపాడుతుంది. కింద చూడాల్సినవన్నీ ర్యాంపు ఉన్న షెడ్డులో చూడండి.

ముందు చక్రాన్ని గడియారం అనుకుని, తొమ్మిది, మూడు దగ్గర రెండు చేతులతో పట్టి ఊపండి. టక్కుటక్కుమని ఆడితే టై రాడ్ ఎండ్ గానీ, ర్యాక్ లోపలి జాయింట్ గానీ. తర్వాత పన్నెండు, ఆరు దగ్గర పట్టి ఊపండి. ఆడితే బేరింగో, బాల్ జాయింటో (లోయర్ ఆర్మ్ చివర ఉండే గుండ్రటి కీలు). ఏదో తేల్చడానికి ఇంకో మనిషిని బ్రేక్ గట్టిగా తొక్కిపట్టమనండి. ఆట మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. తర్వాత గేర్ న్యూట్రల్ చేసి చక్రం తిప్పుతూ, రిమ్ అంచు దగ్గర సుద్దముక్క కదలకుండా పట్టుకోండి. అది ఒకచోట తగిలి ఒకచోట దూరమైతే రిమ్ వంగి ఉంది.

బుష్‌లు చేత్తో ఊపితే తెలియవు. ర్యాంపు మీద ప్రై బార్ పెట్టి మెల్లగా ఎత్తించి, రబ్బరు చీలికల్ని మీ కళ్ళతో చూడండి. బండి నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే, పక్క నుంచి టై రాడ్ కదలికా, చక్రం కదలికా ఒకేసారి మొదలవుతున్నాయో లేదో చూడాలి. రాడ్ ముందు కదిలి చక్రం ఆలస్యంగా కదిలితే మధ్యలో వదులు ఉంది. అదే సమయంలో స్ప్రింగ్ మీద చెయ్యి ఆనిస్తే, అది బిగుసుకుని ఒక్కసారి విదిలించినట్టు తిరిగితే పైన స్ట్రట్ మౌంట్ బేరింగ్ పోయింది. స్పీడ్ బ్రేకర్ల మీద కటకటమంటే సస్పెన్షన్ పక్కన ఉండే సన్నటి లింక్ రాడ్ కూడా చూడమనండి.

షాక్ అబ్జార్బర్ ఒంటి మీద నూనె జారి దుమ్ము పేరుకుని ఉంటే అది పోయినట్టే. మూల నొక్కి వదిలే పరీక్ష బాగా పాడైనవాటినే పట్టిస్తుంది, దానిలో పాసైతే చాలనుకోకండి. మార్చాల్సి వస్తే ఒకే వరసలో రెండూ మార్చండి.

దెబ్బ తిన్న బండా అనే అనుమానం ఉంటే టేపు తీయండి. స్టీరింగ్ నేరుగా పెట్టి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు పక్కలా కొలవండి. ఒక సెంటీమీటరో, అంతకంటే ఎక్కువో తేడా వస్తే ఆ బండి గట్టి గుద్దుడు చూసి ఉండొచ్చు. నాలుగు మూలల్లో చక్రం మధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలిచి ఎడమా కుడీ పోల్చండి. ఒక మూల బాగా కుంగితే అక్కడ స్ప్రింగ్ విరిగి ఉండొచ్చు. కొనకముందు ఇవన్నీ చేస్తే బేరానికి బలం వస్తుంది. బుష్, టై రాడ్ ఎండ్, బేరింగ్ మార్పించుకోదగ్గవి. వంగిన ఫ్రేమ్, వంగిన ఇరుసు ఉంటే నేనైతే నమస్కారం పెట్టి వచ్చేస్తాను.

చివరి పని: అలైన్‌మెంట్

వదులైనవన్నీ మార్చి, చక్రాలు బ్యాలెన్సింగ్ చేయించి, గాలి సరిచూసుకుని వెళ్ళండి. చేయకముందు కొలతలు, చేశాక కొలతలు రెండూ ఉన్న కాగితం అడగండి. ఒక్క "తర్వాత" కాగితం ఇస్తే తీసుకోవద్దు. ముందున్న అంకెలే రోగం ఏమిటో చెబుతాయి. ఎడమా కుడీ క్యాంబర్‌లో అర డిగ్రీకి మించి తేడా ఉంటే ఎందుకని అడగండి. స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం, అంటే క్యాస్టర్‌లో తేడా ఉన్నా బండి లాగుతుంది, అది తక్కువున్న పక్కకి పోతుంది. క్యాంబర్ పాజిటివ్ (చక్రం పై భాగం బయటికి వాలడం) ఎక్కువున్న పక్కకి లాగుతుంది. వెనక చక్రాల టో కూడా కొలిపించండి, కొన్ని షాపులు ముందువే కొలిచి పంపేస్తాయి. టై రాడ్ లాక్ నట్లు బిగించారో లేదో మీ కళ్ళముందే చూసుకోండి.

బాగుచేయించాక కూడా పాత టైరు కొన్నాళ్ళు మోత మోగుతుంది. రంపం పళ్ళు ఒక్కరోజులో అరిగిపోవు కదా. తీగలు తేలినదీ, గట్టు తాకినదీ తీసేయాల్సిందే. రెండు టైర్లే కొత్తవి కొంటే వెనక వేయించండి. వానలో వెనక పట్టు తప్పితే బండి గిర్రున తిరుగుతుంది, ముందు పట్టు తప్పితే కనీసం తెలుస్తుంది. షాపులో ముందు వేయాలని వాదిస్తారు, ఒప్పుకోకండి.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అదే గేజీతో, అవే చోట్ల మళ్ళీ కొలవండి. అంచులు మధ్యతో పాటే అరుగుతుంటే పని సరిగా జరిగింది. నా బండికి బుష్, టై రాడ్ ఎండ్ మార్చి, వెనకున్న రెండు మంచి టైర్లు ముందుకి తెచ్చి మూడు వేల కిలోమీటర్లు తిరిగాక కొలిస్తే ఎడమ టైరు 6.4, 6.5, 6.4 చూపించింది. ఆ కాగితం ఇప్పటికీ డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది. తర్వాతి కొలతలకి కింద చోటు వదిలిపెట్టాను.